మీటరు పుట్టుక: ప్రకృతి ప్రమాణమా, మానవ ఒప్పందమా?

సారాంశం

మెట్రిక్ పద్ధతి ఫ్రెంచి విప్లవ కాలంలో, 1790–1799 మధ్య రూపుదిద్దుకొంది. దేశమంతటా ఒకే కొలత ఉండటం, దశాంశ విభజన, ప్రకృతి నుంచి గ్రహించిన ప్రమాణం అనే మూడు భావనలు ఇందులో కలిశాయి. వీటి మూలాలు వేరు, వీటిని కోరినవారు వేరు, చరిత్రలో వీటికి దక్కిన ఫలితాలూ వేరు. ఈ మూడింటినీ విడదీసి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. మీటరుకు ప్రామాణికతను తెచ్చిపెట్టిన వాదం భూగోళం ఆధారంగా సాగింది. ఆ ప్రామాణికతను నిలబెట్టినది మాత్రం సమాజాలు, రాజ్యాలు కుదుర్చుకొన్న ఒప్పందమే అన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలక పదాలు: మెట్రిక్ పద్ధతి, మీటరు, ఫ్రెంచి విప్లవం, మధ్యాహ్న రేఖ, డెలాంబ్ర్, మెషాన్, తూనికలు కొలతలు

1. ఉపోద్ఘాతం

భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువం వరకు ఉన్న దూరంలో కోటవ వంతు మీటరు అని పాఠ్యగ్రంథాలు చాలాకాలం బోధించాయి. ఈ నిర్వచనం మీటరు పుట్టుకను చెబుతుంది గాని దాని చరిత్రను చెప్పదు. ఆ దూరాన్నే ఎందుకు ఎంచుకొన్నారు? దానిని కొలవడానికి ఏడేళ్లు ఎందుకు పట్టింది? కొలత స్వల్పంగా తప్పిందని తేలిన తరువాత కూడా మీటరును ఎందుకు మార్చలేదు? ఈ ప్రశ్నలకు సమాధానాలు భౌతికశాస్త్రంలో కొంత, రాజకీయ చరిత్రలో కొంత ఉన్నాయి. కొలతలు మానవ సంబంధాలకు, ముఖ్యంగా అధికార సంబంధాలకు అద్దం పడతాయని పోలండ్ చరిత్రకారుడు విటోల్డ్ కూలా 1970లో వెలువరించిన గ్రంథంలో నిరూపించాడు. మీటరు చరిత్రకు కూడా ఆ దృష్టి వర్తిస్తుంది.

2. విప్లవానికి పూర్వం: కొలత, అధికారం

18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో సుమారు 800 పేర్లతో రెండున్నర లక్షల వేర్వేరు కొలతలు వాడుకలో ఉండేవని ఆనాటి అంచనాలను ఆధారం చేసుకొని చరిత్రకారుడు కెన్ ఆల్డర్ పేర్కొన్నాడు. పేరు ఒకటే అయినా పరిమాణం ఊరూరా మారేది. ధాన్యాన్ని కొలిచే బ్వాసో అనే పాత్ర ఒక సంతలో ఉన్నట్లు పక్క సంతలో ఉండేది కాదు. వస్త్రానికి ఒక గజం, పొలానికి మరో కోల ఉండేవి.

ఈ వైవిధ్యాన్ని కేవలం గందరగోళమని కొట్టివేయలేము. పాత కొలతలు చాలావరకు శ్రమ నుంచి, ఫలితం నుంచి పుట్టినవి. ఒక మనిషి ఒక రోజులో దున్నగల నేల ఒక కొలత అయింది. ఒక పాత్రెడు విత్తనం పట్టే నేల మరొక కొలత అయింది. తెలుగు ప్రాంతంలో ధాన్యపు కొలతలైన పుట్టి, తూము పేర్లతోనే పుట్టెడు నేల, తూమెడు నేల అని వ్యవహరించడం ఇటువంటిదే. సారవంతమైన నేలకూ చవిటి నేలకూ మధ్య ఉన్న తేడాను వైశాల్యం చెప్పలేదు. విత్తనం, శ్రమ చెప్పగలవు.

అయితే ఈ కొలతలకు మరొక ముఖం ఉంది. కౌలు, పన్ను ధాన్యరూపంలో చెల్లించే వ్యవస్థలో పాత్ర పరిమాణమే బాకీ పరిమాణం. ఆ పాత్రను నిర్ణయించే హక్కు స్థానిక ప్రభువు చేతిలో ఉండేది. చెల్లించవలసిన పాత్రల సంఖ్య పెరగకపోయినా పాత్ర పెరిగితే రైతు భారం పెరుగుతుంది. ధాన్యాన్ని అంచుకు సమంగా గీచి కొలవడం, పైన రాశి నిలిచేలా పోసి కొలవడం, ఎత్తు నుంచి పోసి గింజలు కుదురుకొనేలా చేయడం వంటి పద్ధతులలో ప్రతి ఒక్కటీ వివాదానికి మూలమే. 1789లో దేశ ప్రతినిధుల సభ సమావేశానికి ముందు గ్రామాలు, పట్టణాలు సిద్ధం చేసిన ఫిర్యాదుల పుస్తకాలలో తూనికలు, కొలతల ఏకరూపతను కోరిన విన్నపాలు విస్తారంగా కనిపిస్తాయి. రాజు ఒక్కడే అయినప్పుడు, చట్టం ఒక్కటే కావాలని కోరుతున్నప్పుడు, కొలత మాత్రం ఒక్కటి ఎందుకు కాకూడదన్నది వాటి సారం.

రైతులు కోరినది ప్రభువు చేతి నుంచి కొలపాత్రను విడిపించడం. భూగోళాన్ని కొలవమని వారు అడగలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే తరువాతి అర్ధ శతాబ్దపు కథ.

3. దశాంశం, ప్రకృతి ప్రమాణం: పూర్వభావనలు

మిగిలిన రెండు భావనలు పండితుల మధ్య అప్పటికి శతాబ్ద కాలంగా ఉన్నవే. ఫ్లాండర్స్‌కు చెందిన సైమన్ స్టెవిన్ 1585లో దశాంశ భిన్నాలను వివరిస్తూ వెలువరించిన చిన్న గ్రంథంలో నాణేలను, కొలతలను కూడా దశాంశ విభజనలోకి తేవాలని సూచించాడు. ఇంగ్లండ్‌లో జాన్ విల్కిన్స్ 1668లో సార్వత్రిక కొలతను ప్రతిపాదించాడు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మతాచార్యుడైన గాబ్రియెల్ మూటోన్ 1670లో భూమి మధ్యాహ్న రేఖపై ఒక నిమిషపు చాపాన్ని మూలంగా తీసుకొని దానిని పదుల వరుసలో విభజించాలన్నాడు. ఉత్తర దక్షిణ ధ్రువాలను కలుపుతూ ఒక స్థలం గుండా పోయే ఊహారేఖే మధ్యాహ్న రేఖ.

ప్రకృతి ప్రమాణానికి రెండు మార్గాలు పోటీపడ్డాయి. ఒకటి లోలకం. ఒక వైపు నుంచి రెండవ వైపునకు పోవడానికి సరిగా ఒక సెకండు తీసుకొనే లోలకపు పొడవును ప్రమాణంగా తీసుకోవచ్చు. ఆ పొడవు నేటి లెక్కలో సుమారు 99.4 సెంటీమీటర్లు. కాని 1672లో జాన్ రిషేర్ దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లినప్పుడు పారిస్‌లో సరిగా పనిచేసిన సెకండు లోలకాన్ని అక్కడ కొద్దిగా కురచ చేయవలసి వచ్చింది. భూమధ్యరేఖకు చేరువైన కొద్దీ గురుత్వం తగ్గుతున్నదని దీని అర్థం. భూమి ధ్రువాల వద్ద చదునుగా ఉంటుందన్న న్యూటన్ సిద్ధాంతానికి ఈ పరిశీలన ఆధారాలలో ఒకటి అయింది. అందువల్ల లోలకాన్ని ప్రమాణంగా తీసుకొంటే ఏ అక్షాంశం వద్ద అన్నది కూడా చెప్పవలసి ఉంటుంది.

రెండవ మార్గం భూమి పరిమాణమే. ఆ చదును వల్ల దానికీ చిక్కులు ఉన్నాయి. అవి తరువాత బయటపడ్డాయి.

4. లోలకం నుంచి భూగోళానికి

1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ భూస్వామ్య ప్రత్యేక హక్కుల రద్దుకు తీర్మానించింది. కొలతలపై ప్రభువుల హక్కుకు అక్కడితో కాలం చెల్లింది. ఆ స్థానంలోకి ఏది రావాలన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. అతి సులువైన మార్గం పారిస్ కొలతలను దేశమంతటికీ విధించడం. 1790 మార్చిలో సభకు ప్రతిపాదన సమర్పించిన తలేరాన్ ఆ మార్గాన్ని కాదని, 45 డిగ్రీల అక్షాంశం వద్ద సెకండు లోలకపు పొడవును సూచించాడు. ఒక నగరపు కొలతను మిగిలిన నగరాలు అంగీకరించడం కష్టం. ఎవరికీ చెందని కొలతను అందరూ అంగీకరించవచ్చు. ఇందులో బ్రిటన్ కూడా పాలుపంచుకోవాలని సభ ఆశించింది. 1790 మే 8న తీర్మానం వెలువడింది.

సరిగా ఏడాదిలోపే ఈ ప్రమాణం మారిపోయింది. బోర్డా, లాగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, కోండోర్సే సభ్యులుగా విజ్ఞాన అకాడమీ నియమించిన సంఘం 1791 మార్చి 19న సమర్పించిన నివేదికలో లోలకాన్ని తిరస్కరించింది. పొడవు కొలతను కాలం మీద ఆధారపడేలా చేయడం సరికాదని, రోజును 86,400 సెకండ్లుగా విభజించడమే యాదృచ్ఛికమని వాదించింది. భూమధ్యరేఖ నుంచి ధ్రువం వరకు ఉన్న మధ్యాహ్న రేఖ పాదంలో కోటవ వంతును కొత్త ప్రమాణంగా ప్రతిపాదించింది. మార్చి 26న సభ దానిని ఆమోదించింది.

రేఖ మొత్తాన్ని కొలవనవసరం లేదు. ఒక భాగాన్ని కొలిచి మిగిలినదాన్ని లెక్కించవచ్చు. ఆ భాగం 45 డిగ్రీల అక్షాంశానికి ఇరువైపులా విస్తరించాలి, రెండు కొసలూ సముద్రమట్టంలో ఉండాలి. ఈ నిబంధనలకు ఉత్తరాన డన్‌కర్క్, దక్షిణాన బార్సిలోనా సరిపోయాయి. సార్వత్రిక ప్రమాణాన్ని కొలవదగిన చాపం దాదాపు పూర్తిగా ఫ్రాన్స్‌లోనే ఉండటం ఇతర దేశాల వారికి రుచించలేదు. లోలకాన్ని ఆధారం చేసుకొని అమెరికా కాంగ్రెసుకు 1790లో నివేదిక సమర్పించిన థామస్ జెఫర్సన్ ఈ మార్పుతో నిరుత్సాహపడ్డాడు. బ్రిటన్ పాలుపంచుకోలేదు. అందరిదీ కావలసిన కొలత ఆచరణలో ఒక దేశపు ప్రయత్నంగా మిగిలింది.

5. డన్‌కర్క్–బార్సిలోనా సర్వేక్షణ

1792లో పని మొదలైంది. డన్‌కర్క్ నుంచి రోడేజ్ వరకు ఉత్తర భాగం జాన్ బాప్తిస్త్ డెలాంబ్ర్‌కు, రోడేజ్ నుంచి బార్సిలోనా వరకు దక్షిణ భాగం పియేర్ మెషాన్‌కు అప్పగించారు. పద్ధతి త్రిభుజీకరణం. నేల మీద ఒక ఆధార రేఖను మాత్రమే కోలలతో కొలుస్తారు. చర్చి గోపురాలు, కోటలు, కొండ శిఖరాలను శీర్షాలుగా చేసుకొని త్రిభుజాలను వరుసగా అల్లుకొంటూ పోతారు. ఆ తరువాత కొలవవలసినవి కోణాలే. భుజాల పొడవులు త్రికోణమితి ఇస్తుంది. వందకు పైగా త్రిభుజాలతో ఈ గొలుసు వెయ్యి కిలోమీటర్లకు మించి సాగింది. మెలున్ వద్ద ఒకటి, పెర్పిన్యాన్ వద్ద ఒకటి చొప్పున రెండు ఆధార రేఖలను ప్లాటినం కోలలతో కొలిచారు. కోణాలకు బోర్డా రూపొందించిన పరికరం వాడారు. ఒకే కోణాన్ని పలుమార్లు కూడబెట్టి కొలవడం ద్వారా అది దోషాన్ని తగ్గించేది.

పనికి దేశ పరిస్థితులు అడుగడుగునా అడ్డుతగిలాయి. రాజు పేరిట జారీ అయిన అనుమతి పత్రాలు రాచరికం కూలిన తరువాత అనుమానాన్ని పెంచాయి. గోపురాలెక్కి దుర్భిణులతో చూసే మనుషులను గ్రామ రక్షకదళాలు గూఢచారులని నిర్బంధించాయి. సంకేతంగా కట్టిన తెల్లని వస్త్రం రాజపక్షపు జెండాలా కనిపించడంతో దానికి ఎరుపు, నీలి పట్టీలు చేర్చవలసి వచ్చింది. 1793 ఆగస్టులో విజ్ఞాన అకాడమీ రద్దయింది. అదే ఏడాది డిసెంబరులో డెలాంబ్ర్, బోర్డా, లాప్లాస్, లావోయిజియే తదితరులను కొలతల సంఘం నుంచి తొలగించారు. 1794లో కోండోర్సే నిర్బంధంలో మరణించాడు, లావోయిజియే గిలటిన్‌కు బలి అయ్యాడు.

మెషాన్ కష్టం వేరే రకమైనది. 1793లో ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య యుద్ధం రావడంతో ఆయన బార్సిలోనాలో చిక్కుకొన్నాడు. అంతకు ముందు మోంజుయిక్ కోట వద్ద తీసుకొన్న అక్షాంశానికీ, తరువాత నగరంలోని తన బస వద్ద తీసుకొన్న అక్షాంశానికీ 3 సెకండ్లకు పైగా తేడా వచ్చింది. నేల మీద అది దాదాపు 100 మీటర్లు. దోషం ఎక్కడ ఉందో ఆయనకు అంతుపట్టలేదు. దానిని ఆయన వెల్లడించనూ లేదు. సవరించాలన్న తపనతో కొలతను దక్షిణానికి పొడిగించడానికి మళ్లీ స్పెయిన్ వెళ్లి, 1804లో అక్కడే జ్వరంతో మరణించాడు. ఆయన కాగితాలను పరిశీలించినప్పుడు విషయం డెలాంబ్ర్‌కు తెలిసింది. మెషాన్ తనకు అంతుచిక్కని తేడాను తన వైఫల్యంగా భావించాడు. కొలతలో నిర్దుష్టతే శాస్త్రవేత్త నిజాయితీకి గీటురాయి అన్న భావన ఆయనను అంతగా వేధించింది.

6. 443.296 అనే సంఖ్య

సర్వేక్షణ ముగిసేదాకా ప్రభుత్వం ఆగలేదు. 1740 నాటి పాత సర్వేక్షణ ఆధారంగా 1793 ఆగస్టు 1న తాత్కాలిక మీటరును ప్రకటించింది. పాత కొలతలో ఒక త్వాజ్ ఆరు అడుగులు, అంటే 864 లీన్లు. తాత్కాలిక మీటరు 443.44 లీన్లు. 1795 ఏప్రిల్ 7 నాటి చట్టం మీటరు, లీటరు, గ్రాము అనే పేర్లను స్థిరపరచింది. గుణిజాలకు కిలో వంటి గ్రీకు ఉపసర్గలను, విభాగాలకు సెంటి, మిల్లి వంటి లాటిన్ ఉపసర్గలను నిర్ణయించింది. ఏ ప్రాంతపు వాడుక భాషకూ చెందని పేర్లను ఎంచుకోవడంలో తలేరాన్ వాదమే మరో రూపంలో కనిపిస్తుంది.

1798లో ఫ్రాన్స్ మిత్రదేశాల, తటస్థ దేశాల పండితులను పారిస్‌కు ఆహ్వానించి ఫలితాలను పరిశీలింపజేశారు. అక్కడ చిక్కు ఎదురైంది. కొలిచిన చాపం నుంచి పాదం మొత్తాన్ని లెక్కించాలంటే భూమి ఎంత చదునుగా ఉందో తెలియాలి. ఫ్రాన్స్ లోపలి చాపం ఇచ్చిన విలువ ఇతర కొలతలకు పొసగలేదు. భూమి వంపు సమరీతిగా లేదని అది సూచించింది. పెరూలో 18వ శతాబ్దపు మధ్యలో జరిగిన కొలతతో కలిపి చదును 334లో ఒక వంతుగా సంఘం నిర్ణయించింది. దాని నుంచి తుది మీటరు 443.296 లీన్లుగా తేలింది. నాలుగు డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘన డెసిమీటరు నీటి బరువు కిలోగ్రాము అయింది. 1799 జూన్ 22న ప్లాటినంతో చేసిన మీటరు, కిలోగ్రాము ప్రమాణాలను జాతీయ పత్రాగారంలో భద్రపరచారు.

నేటి లెక్క ప్రకారం మధ్యాహ్న రేఖ పాదం సుమారు 1,00,01,966 మీటర్లు. అంటే 1799 మీటరు తన నిర్వచనం కంటే సుమారు 0.2 మిల్లీమీటరు పొట్టి. ఒక లీను సుమారు 2.256 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నిర్వచనానికి సరిపడే విలువ సుమారు 443.38 లీన్లు. ఏడేళ్ల శ్రమకు ముందు ప్రకటించిన తాత్కాలిక మీటరు 443.44 దానికి మరింత దగ్గరగా ఉంది. ఈ తేడాకు ముఖ్యకారణం మెషాన్ పరిశీలన కాదు, చదును విషయంలో సంఘం చేసిన ఎంపిక. అంతకంటే లోతైన కారణం భూమి తానే సమరూపమైన గోళం కాకపోవడం. ఒక మధ్యాహ్న రేఖ మరొక దానికి సమానం కాదు. ప్రకృతి ఒకే సమాధానం ఇస్తుందన్న నమ్మకంతో మొదలైన సర్వేక్షణ, ప్రకృతి సమాధానాలు అనేకమని నిరూపించింది.

7. ప్రజల నిరాకరణ

కొత్త కొలతలు ప్రజలలోకి సులువుగా వెళ్లలేదు. ఫిర్యాదుల పుస్తకాలలో రైతులు కోరిన ఏకరూపత ఇదే అయినా అది పరాయి పేర్లతో, పరాయి విభజనతో వచ్చింది. సంతలో సరుకును సగం, పావు, అరపావుగా విడదీయడం చేతికి అలవాటైన పని. పన్నెండును మూడుతో భాగించినంత సులువుగా పదిని భాగించలేము. దశాంశ విభజనను కాలానికి కూడా వర్తింపజేసి రోజును పది గంటలుగా చేసిన ప్రయోగం 1795 నాటి చట్టంతోనే ఆగిపోయింది. గడియారాలు అప్పటికే అందరివీ ఒకే లెక్కలో ఉన్నాయి. అక్కడ దశాంశం తీర్చే సమస్య ఏదీ లేదు.

1812 ఫిబ్రవరి 12న నెపోలియన్ ప్రభుత్వం రాజీమార్గం ప్రకటించింది. పాత పేర్లు తిరిగి వచ్చాయి గాని వాటి పరిమాణాలు మెట్రిక్ ప్రమాణానికి ముడిపడ్డాయి. త్వాజ్ రెండు మీటర్లు అయింది. లివ్ర్ అనే తూనిక 500 గ్రాములు అయింది. 1837 జూలై 4 నాటి చట్టం ఈ మధ్యంతర కొలతలను తొలగించి, 1840 జనవరి 1 నుంచి మెట్రిక్ పద్ధతిని తప్పనిసరి చేసింది. చట్టానికీ వాడుకకూ మధ్య ఒక తరం గడిచింది.

8. భూగోళాన్ని వదిలిన మీటరు

19వ శతాబ్దంలో వాణిజ్యం, రైల్వేలు, పారిశ్రామిక ప్రదర్శనలు, భూమాపనం దేశాల మధ్య ఉమ్మడి కొలతను అవసరం చేశాయి. 1867లో బెర్లిన్‌లో సమావేశమైన భూమాపన శాస్త్రవేత్తలు యూరప్‌కు ఒకే మీటరు కావాలని కోరారు. మీటరు తన నిర్వచనానికి సరిపోలడం లేదని అప్పటికి తెలుసు. భూమిని మళ్లీ కొలిచి మీటరును సవరించాలా, ఉన్న ప్లాటినం కడ్డీనే ప్రమాణంగా అంగీకరించాలా అన్న ప్రశ్న వచ్చింది. కొత్త సర్వేక్షణ జరిగిన ప్రతిసారీ మీటరు మారితే దానిని ప్రమాణం అనలేము. 1872లో అంతర్జాతీయ సంఘం పత్రాగారంలోని మీటరును ఉన్నది ఉన్నట్లుగా మూలంగా స్వీకరించింది. 1875 మే 20న 17 దేశాలు మీటరు ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1889లో ప్లాటినం–ఇరిడియం మిశ్రమంతో చేసిన కొత్త ప్రమాణాలు వెలువడ్డాయి.

ఈ నిర్ణయం 1791 నాటి వాదాన్ని తలక్రిందులు చేసింది. ఎవరికీ చెందనిది కాబట్టి అందరూ అంగీకరించాలన్నది ఆనాటి వాదం. 1875లో అందరూ అంగీకరించారు కాబట్టి అది అందరికీ చెందింది. ప్రకృతి ప్రమాణం అన్న భావన మాత్రం నశించలేదు. 1960లో క్రిప్టాన్–86 వెలువరించే కాంతి తరంగదైర్ఘ్యం, 1983లో కాంతి వేగం మీటరుకు ఆధారమయ్యాయి. శూన్యంలో కాంతి సెకండుకు 29,97,92,458 మీటర్లు పోతుందని స్థిరపరచారు. అయితే ఈ సంఖ్యను ఎంచుకొన్నది 1799 కడ్డీ నుంచి వారసత్వంగా వచ్చిన పొడవు చెదరకుండా ఉండటానికే. పైగా 1791 సంఘం తిరస్కరించిన పనినే, అంటే పొడవును కాలం మీద ఆధారపరచడాన్నే, 1983 నిర్వచనం చేసింది.

9. భారతదేశంలో

చట్టం ఒక్కటే కొలతను స్థాపించలేదనడానికి భారతదేశం కూడా ఉదాహరణ. బ్రిటిష్ పాలనలో 1871 చట్టం శేరును కిలోగ్రాముకు సమానంగా నిర్వచించినా అది అమలుకు రాలేదు. స్వాతంత్ర్యానంతరం 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వెలువడ్డాయి. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలయ్యాయి. ముందుగా నాణేన్ని, తరువాత తూనికను మార్చి, ఒక్కొక్క రంగానికి గడువు ఇచ్చిన ఈ క్రమం ఫ్రాన్స్ అనుభవానికి భిన్నమైనది. తెలుగు వాడుకలో వీశె, మణుగు, కుంచం తూనికలు, కొలతల నుంచి తొలగినా పుట్టెడు దుఃఖం వంటి పలుకుబళ్లలో నిలిచి ఉన్నాయి.

10. ముగింపు

మెట్రిక్ పద్ధతిలో కలిసిన మూడు భావనలలో ఏకరూపత సామాన్యుల ఫిర్యాదు నుంచి వచ్చింది, ఆలస్యంగానైనా నెరవేరింది. దశాంశ విభజన లెక్క సులువైన చోట నిలిచింది, కాలం విషయంలో విఫలమైంది. ప్రకృతి ప్రమాణం తన మాట నిలబెట్టుకోలేకపోయింది. అయినా ప్రభువుల కొలతలను, నగరాల కొలతలను పక్కనబెట్టడానికి అవసరమైన నైతిక బలాన్ని ఆ తొలినాళ్లలో అదే ఇచ్చింది. రైతు కోరిన న్యాయం మీటరు ఎంత పొడవు ఉండాలన్న దాని మీద ఆధారపడలేదు. ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ అది ఒకటే కావడం మీద, దానిని ఏ ఒక్కరూ తమ ఇష్టానుసారం మార్చలేకపోవడం మీద ఆధారపడింది. ఆ హామీని భూగోళం ఇస్తుందని 1791లో భావించారు. దానిని వాస్తవంగా ఇవ్వగలిగినది 1875 నాటి ఒప్పందం.